మూడడుగులు

కొరిటెపాడు మూడో అడ్డరోడ్డు మలుపులో
ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కన
దొండతీగ ముక్క గుచ్చింది నేనే.
బియ్యం కడిగిన నీళ్లు పోసిందీ నేనే.

అది ముందు కంచె పట్టుకుంది,
కంచె మీంచి స్టే వైరు పట్టుకుంది,
ఆపైన ఎవరి మాటా వినలేదు.
పుర్రె బొమ్మ రేకు మీద ఆకు కమ్మితే
హమ్మయ్య, చూడ్డానికి బాగుందనుకున్నాను.
ఇస్త్రీ మస్తానమ్మ ఆ నీడలోకి బండి జరిపింది.
పక్క మేడవాళ్లు చెదపట్టిన తలుపొకటి ఆనించి
మరిచిపోయారు.

ఉగాది వెళ్లిన వారానికి వచ్చాడు
లైన్‌మన్ జక్రయ్య.
ఎడమచేతి రెండు వేళ్లు వంగవతనికి.
"చుట్టూ మూడడుగులు వదలండమ్మా, చాలు."
వామనుడి కథ విన్నాడో లేదో.
నేను బలిచక్రవర్తినా?
"పిందె మీదుంది, ఈ కాపు కానీ" అన్నాను.
కొంగులో కాయలు అతని సంచిలో పోశాను.
వద్దనలేక తీసుకున్నాడు.

రోహిణి కార్తెలో గాలి లేచిన రాత్రి
దిమ్మ మీద ఒక్క క్షణం పట్టపగలయింది.
పచ్చి ఆకు కాలిన వాసన.
తర్వాత సందంతా చీకటి.
"ఎవరిదా పాదు?" అన్నారెవరో.
దొండకాయ వేపుడు అందరికీ తెలుసు,
పాదు ఎవరికీ తెలీదు.
నాక్కూడా.

అర్ధరాత్రి దాటాక వచ్చాడు.
లైను ఆపారా అని ఫోన్‌లో రెండుసార్లు అడిగి,
బండి పక్కకి లాగి,
తలుపుకి మోకాలు కొట్టుకుని.
దూరంనుంచి సెల్ లైటు పట్టాను.
ఆ వెలుగులో కనపడింది:
అతను కాలు పెట్టాల్సిన చోటల్లా
నా పచ్చదనమే.

కొడవలి అడిగితే తెచ్చిచ్చాను.
ఒక్క మాటా అనలేదు.
అనుంటే బాగుండేది.

ఇప్పుడక్కడ ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడాన్నే రోజూ
కంచె ఇవతల నిలబడి ఊడుస్తాను.
గరిక వేలెడు కాకుండానే పీకేస్తాను.
పాదు దానంతటది పెరిగింది,
ఖాళీని మాత్రం మనమే పెంచాలి.
నిన్న ఎవరో సిమెంటు బస్తాలు దించబోయారు.
"మూడడుగులు" అన్నాను.
వాళ్లూ బలిచక్రవర్తులు కారు,
గొణుక్కుంటూ జరిపారు.

స్టే వైరు మీద, చెయ్యందని ఎత్తున
ఎండిన నులితీగ ఒకటి
ఇంకా చుట్టుకునే ఉంది.
అది గాలికి కదిలినప్పుడల్లా
ఇంట్లో ఫ్యాను తిరుగుతోందా అని
వెనక్కి తిరిగి చూసుకుంటాను.