తప్పు చెప్పడం

మంచాన్ని వంటింట్లోకి మార్చాం, పొయ్యి పక్కకి.
చిలోయె దీవిలో ఈ కాలం
ఇంట్లో చెమ్మ లేని చోటు అదొక్కటే.
ఒస్వాల్దో ఓ కోడు పట్టుకున్నాడు, వాళ్ళావిడ ఇంకోటి.
తమ్ముడు మాత్రం దిగనన్నాడు.
మంచం మీదే పడుకుని, ఒడ్డుకి పడవ లాగించినట్టు
"ముక్కు పైకెత్తండి, ముక్కు!" అని మాకే పని చెప్పాడు.

నర్సు మంగళవారం లాంచీలో వచ్చింది.
పోతూపోతూ నన్ను గుమ్మం బయటికి పిలిచి
"చెప్పుకోవాల్సినవేమన్నా ఉంటే
ఇప్పుడే చెప్పేసుకోండి" అంది.

చెప్పుకోవాల్సినవి.
యాభై ఎనిమిదేళ్ళుగా మేం చెప్పుకున్నది
బంగాళాదుంపల గురించి, ఆటుపోట్ల గురించి,
ఎవరి గొర్రె ఎవరి కంచె దూకిందో దాని గురించి.
అమ్మ పోయిన రోజున
ఎలిసేయో ఓ తట్టెడు ఆల్చిప్పలు తెచ్చి
నా గడపలో దింపి
ఒక్క మాటా లేకుండా వెళ్ళి వల బాగుచేసుకున్నాడు.
నేనూ ఉడకబెట్టి సగం పంపాను.
మా ఇళ్ళల్లో ఏడవడం అంటే అదే.

ఇప్పుడేమని మొదలుపెట్టను?
నోరు తెరిస్తే
"సూప్ చల్లారిపోతోంది" అనే వస్తుంది.

వాడే మొదలుపెట్టాడు.
"పడవని బర్రీయకి అమ్మకు. ఇంజను చంపేస్తాడు.
నువ్వే నడుపుకో.
ముందు పెట్రోలు గొట్టం మీది బుడ్డి నొక్కు, గట్టిపడేదాకా.
తర్వాత చోక్ లాగు.
తర్వాత తాడు. మూడుసార్లు గుంజు, నాలుగోది వద్దు.
దగ్గిందంటే బతికినట్టే,
చోక్ సగం లోపలికి తొయ్యి.
ఏదీ, చెప్పు?"

"ముందు తాడు గుంజాలి" అన్నాను.

"నీ తలకాయ!" అన్నాడు,
చెంపలకి కాస్త రంగొచ్చింది.
మళ్ళీ మొదట్నించి చెప్పాడు.
మర్నాడు బుడ్డి మర్చిపోయాను.
ఆ మర్నాడు తాడు ఏడుసార్లు గుంజాను.
ఏడుసార్లా, ఏడుసార్లా అని నవ్వబోయి దగ్గాడు,
దగ్గు ఆగాక కూడా
నేను వాడి వీపు మీంచి చెయ్యి తియ్యలేదు.

గురువారం వాన కాసేపు తెరిపిచ్చింది.
వాడి కాలిగోళ్ళు తీస్తున్నాను.
పైకప్పు చూస్తూ అన్నాడు:
"పన్నెండేళ్ళకే నాన్న పడవ
కాల్బూకో దాకా నడిపినదానివి నువ్వు.
నాకు చోక్ అంటే ఏంటో చూపించిందీ నువ్వే."

కత్తెర ఆగింది.
బొటనవేలు నా అరచేతిలో ఉంది,
చిన్నప్పుడు బురదలో బూటు పోగొట్టుకుని
ఒంటికాలి మీద గెంతుతూ వచ్చినప్పటి వేలే,
గోరు ముదిరింది, అంతే.

"సరేలే" అన్నాడు.
"మళ్ళీ మొదట్నించి చెప్తాను. విను."
విన్నాను.
తప్పు చెప్పాను.

శనివారం తెల్లవారుజామున సముద్రం బాగా వెనక్కి పోయింది.
కిటికీలోంచి చూస్తే బురద, నాచు,
ఓ పక్కకి ఒరిగి పడుకున్న పడవ.
పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను.
"ఎలిసేయో, ముందు చోక్ లాగాలి కదూ?"

దిద్దలేదు.

ఊపిరి వినిపిస్తూనే ఉంది, ఎడంగా,
మధ్యమధ్య లెక్క మర్చిపోయినట్టు.
ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని
వాడి చెవి దగ్గర వంగి
మొదటిసారి సరిగ్గా చెప్పాను.
బుడ్డి. గట్టిపడేదాకా.
చోక్.
తాడు, మూడుసార్లు.
నాలుగోది వద్దు.