నీలం టేపు

బెళ్ళందూరు, మూడో అంతస్తు.
కుర్చీలన్నీ గోడకి జరిపి
కార్పెట్ మీద నీలం టేపుతో గీతలు వేశారు,
పదకొండు.
వేశారంటే, వేసింది ఓబుళమ్మే,
పొద్దున ఏడింటికి, మోకాళ్ళ మీద.
ఇప్పుడు తలుపు దగ్గర
నీళ్ళసీసాల అట్టపెట్టెల పక్కన
ఇంకో అట్టపెట్టెలా నిలబడి ఉంది.

ట్రైనర్ ప్రతిభా ఐతాళ్ గొంతు చాలా మెత్తన.
"ఇక్కడ తప్పు జవాబులు లేవు" అంది.
పరీక్షలు రాసీ రాసీ ఇక్కడిదాకా వచ్చినదాన్ని,
ఆ మాటకే నాకు భయమేసింది.

"అమ్మానాన్నల్లో ఒక్కరైనా కాలేజీ చదివితే
ఒక అడుగు ముందుకు."
సగం గది కదిలింది. నేనూ కదిలాను.
అబద్ధం ఇంత తేలికని తెలీదు,
బూటు ఎత్తి మోపడమంత.

"ఇంట్లో యాభై పుస్తకాలుంటే..."
ఉన్నాయి. ఇది నిజం.
పొడిచెత్తలోంచి అమ్మ ఏరి తెచ్చినవి:
అట్టల్లేని అట్లాసు,
సాంబారు మరకల కెమిస్ట్రీ గైడు,
మొదటి నలభై పేజీలు లేని నవల ఒకటి,
దాని మొదలు ఏడేళ్ళపాటు నేనే అల్లుకున్నాను,
ఏడాదికొక రకంగా.
నిజానికీ ఒక అడుగే, అబద్ధానికీ ఒక అడుగే.
టేపుకేం తెలుసు.

తొమ్మిదో ప్రశ్న ప్రతిభ ఇంగ్లీషులోనే అడిగింది.
మీ నేపథ్యం గురించి ఎవరైనా అడిగినప్పుడు
ఎప్పుడైనా మాట మార్చారా, అని.
నాకు వినపడింది మాత్రం,
"మీరేమోళ్ళు?"

మార్చి ఉంటే ఒక అడుగు వెనక్కి.
ఏసీ చప్పుడు.
నా మడమ లేచింది.
లేచి, గాల్లో కాసేపుండి,
లేచిన చోటే దిగింది.
ఓబుళమ్మ చూసింది.

మాగడి రోడ్డు లైన్లలో ఆమెదీ మాదీ ఒకే కొళాయి.
మా అమ్మా ఆమే ఒకే లారీ వెనక
పదిహేనేళ్ళు చెత్త ఎత్తినారు.
అక్కడైతే "ఏ పాపా, బిందె జరుపు."
ఇక్కడ "మేడమ్, టీయా, కాఫీయా?"
మేడమ్‌కి ముందు ఒక్క రవ్వ ఆగుతుంది.
ఆ రవ్వంత ఖాళీలో
రెండేళ్ళుగా నా గుట్టు దాచిపెట్టింది.

"ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి" అంది ప్రతిభ.
చిట్టచివరి గీత మీద సిండెగా కుర్రాడు,
అనుజ్ తిర్కీ, ఒక్కడే,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
ఐడీ తాడు వేలికి చుట్టుకుంటూ.
అతని ధైర్యానికి అందరం చప్పట్లు కొట్టాం.
తరగతిలో లెక్క రానివాణ్ణి
బెంచీ ఎక్కించినట్టే ఉంది.
అతని పక్కన ఒకరు పట్టేంత చోటుంది.
నేను ముందు నించి నాలుగోదాన్ని.

భోజనాలయ్యాక గది ఖాళీ.
ఓబుళమ్మ గోళ్ళతో టేపు పీకుతోంది.
నేనూ వెళ్ళి పక్కన కూలబడి ఒక కొస పట్టుకున్నాను.
"లెయ్యి. ఎవురన్నా చూస్తారు."
"చూడనీ."
"చూస్తే మాటొచ్చేది నీకు గాదు పాపా,
నాకు."

ఇది ఆ పదకొండింట్లో లేదు.

ఆమె అన్నట్టే ఎవరో చూశారు.
లాప్‌టాప్ చార్జర్ మర్చిపోయి వచ్చిన ప్రతిభ
"అయ్యో, ఎంత బాగుంది! అలాగే ఉండండి" అని
ఫోను తీసింది.
సాయంత్రానికి ఆఫీసు గ్రూపులో నా ఫోటో,
కింద నలభై మూడు ఎర్ర గుండెలు.
ఓబుళమ్మ మోచేతుల దాకా ఉంది.

రాత్రి,
చేతుల పగుళ్ళకి కొబ్బరినూనె పూసుకుంటా
అమ్మ అడిగింది:
"ట్రైనింగంటివే, ఏం నేర్పినారు పాపా?"
"నడిచేది."
అమ్మ నవ్వలేదు.
నూనె బుడ్డి మూత బిగించి
నా కాళ్ళ వైపు చూసింది.
"మల్ల? వచ్చిందా?"