పాట తీసేశాక

కాసిల్‌మైన్. పేరులో కోట ఉంది, ఊళ్ళో లేదు.
బంగారం తవ్వి వదిలేసిన గుంటలున్నాయి,
మూతపడి ఇప్పుడు కాఫీ అమ్ముకుంటున్న ఉన్ని మిల్లు ఉంది,
జూలై చలికి చెవులు సలిపే రేకుల హాలు ఉంది.
అందులో మూడు వారాలుగా
మేము ఒక కోటని ముట్టడిస్తున్నాం.

మొదట అది ఒపెరా. నాలుగు గంటలు.
వాద్యాలకు డబ్బు లేదు, గొంతులకు వయసైపోయింది.
మేవిస్ రిటైరైన లెక్కల టీచరు.
ఎర్ర పెన్నుతో కూర్చుని పాటలన్నీ కొట్టేసింది.
కథ గంటన్నరకు దిగింది,
వేడినీళ్ళలో ఉతికిన స్వెట్టర్‌లా.

నా పని ప్రాంప్టింగ్.
తెర పక్కన ముక్కాలి పీట, చిన్న టార్చి,
మరిచిన మాట అందించే గుసగుస.
"నీ యాసలో అందిస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వింటారు" అంది మేవిస్.
పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

పాట పోయాక వీళ్ళ అవస్థ చూడాలి.
కోట కాపలా దళానికి నాయకుడు వాల్డ్రిక్
ఒపెరాలో ఈటె దిగాక పదకొండు నిమిషాలు పాడి చస్తాడట.
ఇప్పుడు అతనికి మిగిలింది ఒక్క వాక్యం:
"తలుపు వెయ్యండి, గాలి కొడుతోంది."
ప్లంబర్ కీరన్ ఆ మాట
ఎవరింటి వంటగదిలోనో సింకు కింద పడుకుని అన్నట్టే అంటాడు.

ఇసోరా శత్రువు కూతురు.
ప్రేమించడానికి ఆమెకు ఒక అంకం నిండా రాగం ఉండేది.
ఇప్పుడు గుడారం తెర తొలగించి బురుజు వైపు చూస్తుంది,
"నీకు చలి వెయ్యదా?" అంటుంది.
అంతే.
నాకు తెలిసిన ప్రేమలన్నీ ఇంతకన్నా తక్కువతోనే మొదలయ్యాయి.

నలభైమంది సైనికులు నలుగురయ్యారు.
చచ్చి, తెర వెనక పాక్కుంటూ వెళ్ళి,
శిరస్త్రాణం మార్చుకుని శత్రువులై వస్తారు.
"నిన్న ఆరుసార్లు చచ్చాను,
రెండుసార్లు నన్ను నేనే చంపుకున్నాను" అంటాడు ఫెర్గస్, శాండ్‌విచ్ నములుతూ.
గొలుసు కవచాలు లోర్నా అల్లింది,
లావు దారంతో అల్లి, వెండి రంగు పూసింది.
ఇనుములా మెరుస్తాయి. చప్పుడు మాత్రం చెయ్యవు.

మా తెనాలిలో అయితే
పద్యం నచ్చితే వన్స్ మోర్ అని కేకలు.
నేలకొరిగిన వీరుడు దుమ్ము దులుపుకుని లేచి,
హార్మోనియం వైపు ఓ చూపు చూసి, శ్రుతి అందుకుని,
మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాడు.
రెండో చావే బాగుండేది.
ఈ ముక్క చెప్తే మేవిస్ నవ్వలేదు.
"అందుకే కొట్టేశాను" అంది.

ఆఖరి రాత్రి, శనివారం.
రేకుల మీద వాన మొదలైంది.
వాల్డ్రిక్ తలుపు వెయ్యమన్నాడు, కళ్ళు మూశాడు.
ఇసోరా మోకాళ్ళ మీద కూలబడింది.
ఆమెది ఆరు మాటల వాక్యం.
పోస్టాఫీసు మార్నీ, ఊరి చిరునామాలన్నీ కంఠతా వచ్చిన మార్నీ,
ఆ ఆరూ మరిచిపోయింది.

నా వైపు చూసింది.
టార్చి వెలుగులో వాక్యం ఉంది, నా వేలు దాని మీదే ఉంది.
పెదవులు విప్పాను.

అప్పుడు కనపడింది, కీరన్ ఛాతీ.
చచ్చినవాడు ఊపిరి ఆపడం మరిచాడు.
దారపు కవచం లేస్తోంది, పడుతోంది.
మార్నీ దాన్ని జనానికి కనపడకుండా అరచేత్తో కప్పింది.
చెయ్యి కూడా లేచింది, పడింది,
లేచింది.
హాల్లో ఎవరూ దగ్గలేదు.
పక్కన బాకా కుర్రాడు, ఆమె మాట కోసమే కాచుకుని,
బుగ్గలు పూరించి అలాగే నిలబడిపోయాడు.
నా గొంతులో ఒక వన్స్ మోర్ అడ్డం పడింది.

లైను అందించలేదు.

తర్వాత, కుర్చీలు మడుస్తూ మేవిస్ అడిగింది.
టార్చి బ్యాటరీ అయిపోయిందన్నాను.
నా చేతిలోంచి తీసుకుని నొక్కింది.
వెలిగింది.
కాసేపు నేలమీద ఆ గుండ్రటి వెలుగును చూసి,
ఆర్పి,
తిరిగి నా చేతిలో పెట్టింది.