వెన్ను మీద అంకె

తుపానుకి మా శాఖా గ్రంథాలయం రేకులు లేచిపోయినప్పుడు
ఆ నవల ప్రతులు రెండూ తడిశాయి.
ఒకదానికి మొదలు మిగిలింది, ఒకదానికి చివర.
రెండూ తెలుగే గానీ ఒక తెలుగు కాదు.
పాతది ఎవరో పంతులుగారి గ్రాంథికం,
కొత్తది మనం మాట్లాడుకునే మాట.

గంటస్తంభం వెనక సందులో తవిటయ్య బైండింగు బల్ల.
రెంటినీ ఒళ్ళో పెట్టుకుని మూలలు తడిమి
"రొండూ కలిపి ఒకటి సేసీత్తానమ్మా" అన్నాడు.
కుట్టాడు. పొందూరు నూలు, నాలుగు పేటలు పెనవేసి.
వాలుగ చేప దవడతో ఏకిన పత్తి అది.
చచ్చిన చేప పళ్ళు బతికున్నవాళ్ళకి పంచెలు నేయిస్తాయి అక్కడ.
దాన్నెవరూ మాయ అనరు, సైన్సు అనీ అనరు.

అతుకు సరిగ్గా నలభై ఒకటో పేజీ దగ్గర పడింది.
అందుకే మా పుస్తకంలో వాడు రెండుసార్లు లేస్తాడు.
ఎడమవైపు, "కనులు విప్పెను."
కుడివైపు, "కళ్ళు తెరిచాడు."
మధ్యలో తవిటయ్య కుట్టు.

ఇక నా పని, వెన్ను మీద అంకె వెయ్యడం.
దెయ్యాల కథల బీరువా కిటికీ పక్కన.
సైన్సు కథలకి కొత్తగా ఇచ్చిన ఒక్క అర, అందులో
పదకొండు పుస్తకాలు, ఎండిన బల్లి ఒకటి.

యజ్జల మాస్టారు పేపరు మడిచి అన్నారు:
"కరెంటుంది, ప్రయోగముంది, మంత్రం ఒక్కటీ లేదు. సైన్సే."
కోర్టు గుమస్తా కామేశం గారు ఊరుకుంటారా?
"ఎన్ని వోల్టులో రాసిందా ఆవిడ?
ఎలా చేశావయ్యా అంటే చెప్పను పొమ్మంటాడు వాడు.
శ్మశానం, నడిరాత్రి, వాన!
నెల్లిమర్లలో మా అమ్మమ్మ చెప్పే కథలో
ఇంతకంటే వివరం ఉండేది."
అంతలో కరెంటు పోయింది.
ఇద్దరూ ఒకేసారి ఫ్యాను వైపు చూశారు.

నాకు ఇంటర్‌లో కప్ప గుర్తొచ్చింది.
లాబ్ అటెండరు సన్యాసప్పడు రెండు తీగలు ఆనిస్తే
తల లేని కప్ప కాలు జాడించింది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ రాత్రి ముద్ద దిగలేదు.
ఆ కాలుది ఏ బీరువా?

దెయ్యాన్ని ఎవరూ చెయ్యరు. అదే వస్తుంది,
చింతతోపు నుంచో, తీరని ఆశ నుంచో.
వేపమండలతో దులిపేవాడు ఒకడుంటాడు, పిలుస్తాం.
వీడికి ఎవర్ని పిలవాలి?
ఒక్కణ్ణే, చేసినవాణ్ణి.
వాడేమో దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు.

పుస్తకం తెచ్చుకోడానికి వెళ్ళిన సాయంత్రం
జిగురు చేతులు లుంగీకి తుడుచుకుంటూ తవిటయ్య:
"కుడతా కుడతా మా మనవరాలి సేత సదివించుకున్నానమ్మా.
ఆడి పేరేటి?"
"పేరు లేదు."
"సేసినోడు పేరెట్టనేదా?"
"లేదు."
చాలాసేపు సూది వంక చూశాడు.
"నాకు ముందు ముగ్గురు పోయారు.
నాను పుట్టగానే మాయమ్మ సేటడు తవుడికి నన్నమ్మీసి
మళ్ళీ కొనుక్కుంది. అదీ నా పేరు.
సెత్త పేరే. అయినా పిలిత్తే పలికీవోణ్ణి. బతికీసాను.
ఈడికి అదన్నా ఇవ్వనేదు."
అరవై అడిగాడు. యాభై ఇచ్చి వచ్చేశాను.
మూడు లాంతర్లు దాటాక ఆ పది గుర్తొచ్చింది.

సైన్సు అరలో పెట్టాను, పన్నెండోది.
కామేశం గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు మోకాలికి కట్టుతో ఓ తొమ్మిదో క్లాసు పిల్ల
"ఇందులో దెయ్యముందా మేడమ్?" అంది.
"చదివి చెప్పు."
గడువు దాటి పంతొమ్మిది రోజులైంది.
రిజిస్టరు తీసి చూశాను.
అట్ట ఎరుపు, కుట్టు తెలుపు.
రచన అన్న గడిలో సిరా తడికి అలికిపోయింది.
బైండు చేసినవారు: తవిటయ్య.
ఆ గడి ఖాళీగా వదలకూడదని మాకు నిబంధన.