ఉప్పు లెక్క

పనాయ్ దీవికొచ్చాక
నీళ్ళు తోడే మోటారు మోతకే నిద్రపడుతోంది నాకు.
అది ఆగితే మెలకువ.

నిన్న రాత్రి ఆగకుండానే లేచాను.
రేకుల మీద వాన.
ఏడో తొట్టిలో తొమ్మిదో రోజు పిల్లలు.
పిల్లలనకూడదేమో ఇంకా,
రెండు కళ్ళు, ఒక ముల్లు, ఒక తోక,
పీత పోలిక ఎక్కడా లేని నలుసులు.
టార్చి వేస్తే వెలుగువైపు
పొగలా జరుగుతాయి.

వీటి తల్లిని ప్రోకోపియో పట్టింది
మడచెట్ల వేళ్ళలో కాదు, సముద్రం దారిలో.
గుడ్లు దించే వేళకి
ఏటి బురదని వదిలి ఉప్పు వెతుక్కుంటూ పోతుందట.
కడుపు కింద నారింజరంగు ముద్ద
పన్నెండు రోజుల్లో బూడిదకి తిరిగి,
ఒక తెల్లారుజామున
వెనక్కాళ్ళతో విదిలించేసింది.
ఇరవై లక్షలు. లెక్క రాసింది నేనే.
ఇవాళ్టికి లక్షన్నర.
అదీ నేనే రాశాను, అదే పెన్నుతో.

ఉప్పు ముప్పయ్యొకటి ఉండాలి.
వానకి ఏరు పొంగి
గొట్టం మూతి దగ్గర సముద్రం పలచబడుతుంది.
ఇరవై ఆరు చూపించింది అద్దం.
ఇరవై ఆరంటే
పాత తోలు సగం విడిచి
మిగతా సగంలో ఇరుక్కుని చచ్చిపోవడం.

ప్రోకోపియో అద్దం అడగలేదు.
వేలు ముంచి నాలిక్కి రాసుకుని,
"ఏరు" అన్నాడు,
ఉమ్మేసి.

ఇలుమినాడా పరుగున వెళ్ళి మోటారు కట్టేసింది.
నిన్న నిలవచేసిన నీళ్ళే చాలన్నాం తెల్లారేదాకా.
చలి తగలకుండా తొట్టి మీద దుప్పట్లు,
ఒకటి నాది, రెండు ఆమెవి.
ఇక గాలిబుడగల గొట్టం ఒక్కటే
చీకట్లో గొణుగుతూ.

నాకు మింగుడుపడనిది ఇది:
బతికినవాటిని ఇంకో మూడు వారాలకి
ఈ ఏటి నీళ్ళకే అలవాటు చేస్తాను, నేనే,
రోజుకిన్ని చెంబులని కొలిచి,
ముప్పై, ఇరవై ఏడు, ఇరవై రెండు...
ఇవాళ ఊపిరి తీసేవే
అప్పటికి ఇల్లు.

ఇలుమినాడాతో అంటే
తడిజుట్టు పిండుకుంటూ నవ్వింది:
"పుట్టిన రోజునే ఎండుచేప తిన్నావా నువ్వు?"

వాన వెలిసింది.
గాజుగ్లాసుతో ఒక ముంత నీళ్ళు తీసి
కిటికీకి ఎత్తాను.
అడుగున తెల్లగా పేరుకున్నవి ఎక్కువే.
పైన, వెలుగు పక్కన,
కొన్ని.

లెక్కపెడుతున్నాను.
ఒకటి పక్కదానిలో కలిసిపోయింది,
మళ్ళీ మొదటినుంచి.