వంతెనకు ఇవతల

పారిష్ హాల్లో కుర్చీలు నలభై.
హీటరు పక్కన పడుకున్న కుక్కతో కలిపి
వచ్చినవాళ్ళం పన్నెండు.
"మూడు నిమిషాలు" అంది హెస్టర్ డాడ్స్,
వంటింటి టైమరు తిప్పి బల్ల మీద పెట్టింది.
కోడిగుడ్డు ఆకారంలో ఉందది.

మోకాళ్ళ దాకా బురద. అలాగే లేచాను.

అమ్మా, అయ్యా,
మీ ఊరి చివర ట్వీడ్ నది.
వంతెన దాటితే స్కాట్లాండ్.
అక్కడ గడ్డి మీద ఒక రాత్రి డేరా వేస్తే
దాన్ని హక్కు అంటారు.
ఇక్కడ వేస్తే చొరబాటు అంటారు.
నీళ్ళు అవే, చలి అదే,
రెండు గట్ల మీదా కుట్టే దోమలది ఒకే కుటుంబం.
నా నిద్ర మాత్రం
వంతెన మధ్యలో పేరు మార్చుకుంటుంది.

పోయిన మే నెలలో ఎనభై మైళ్ళు తొక్కి వచ్చాను.
క్యాంప్‌సైట్‌లో ముప్పై రెండు పౌండ్లన్నారు,
అదీ కనీసం రెండు రాత్రులకట.
కారవాన్‌కీ నాకూ ఒకే రేటు:
దానికి టీవీ ఉంది, నాకు పంక్చరు ఉంది.
ఆ రాత్రి బస్ షెల్టర్లో కూర్చునే కునికాను.
బస్సుల పట్టిక మొత్తం కంఠతా వచ్చింది.
మంగళవారం ఒకటే బస్సు.

కారులో పెట్రోలు అయిపోతే బంకు ఉంది.
మాకు కాళ్ళు అయిపోతే
ఎక్కడ అయిపోతే అక్కడే.

బలి చక్రవర్తి కథ మావాళ్ళందరికీ తెలుసు.
మూడడుగులు అడిగిన పొట్టివాడు
ఆకాశం దాకా పెరిగి
ఇచ్చినవాడి నెత్తినే కాలు పెట్టాడు.
మీ భయం నాకర్థమవుతుంది.
కానీ నేను పెరిగే రకం కాదు, చూస్తున్నారుగా,
ఐదడుగుల అంగుళం.
ఆటస్థలం అంచున, పారిష్ నేల మీద,
ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు,
చీకటి పడ్డాక, తెల్లారేదాకా, ఉచితంగా.
పొద్దున్నే కొలిచిన నేలను కొలిచినట్టే
మీకు అప్పజెప్పి పోతాను.
గడ్డి మధ్యాహ్నానికి లేచి నిలబడుతుంది.

గుడ్డు గణగణ మోగింది.

రాబ్సన్ లేచాడు. గొర్రెల మనిషి.
సంచిలోంచి నల్లగా మాడిన రేకు పళ్ళెం తీశాడు,
వాడి పారేసే బార్బెక్యూ.
"ఆటస్థలం పక్కన, నా పొలంలో దొరికింది.
దీని అంచుకు నా గొర్రె నాలుక తెగింది."
అంతే, కూర్చున్నాడు.
పళ్ళెం చేతులు మారుతూ నా దాకా వచ్చింది.
మసి నా వేళ్ళకూ అంటింది.
ఇది నాది కాదు అనబోయి ఊరుకున్నాను.
"నిప్పు వద్దని రాయండి" అన్నాను, "మొదటి నియమంగా."

వచ్చే నెలకు వాయిదా.
కుర్చీలు మడిచారు. కుక్క లేచి ఒళ్ళు విరుచుకుంది.

బయట వాన.
నా సైకిల్ లైటు చూసి రాబ్సన్ బండి ఆపాడు.
"చర్చి వెనక చిన్న చెక్క ఉంది నాది.
గేటు గొళ్ళెం రెండుసార్లు తిప్పాలి.
ఏడింటికి గొర్రెల్ని వదులుతాను."

ఆ రాత్రి ఒళ్ళెరగకుండా పడుకున్నాను. ఆయనకు దండం.
కానీ రేపు ఈ దారిన వచ్చే కుర్రాడికి
రాబ్సన్ ఎవరో తెలియదు,
చర్చి వెనక చెక్క సంగతి తెలియదు,
నలుగురిలో లేచి అడిగే మొండితనం
వాడికి ఉండకపోవచ్చు.
అందుకే కాగితం మీద రాయమంటున్నాను.

వచ్చే నెల మళ్ళీ వస్తాను.
ఈసారి గుడ్డును
ఐదు నిమిషాలకు తిప్పమంటాను.