నాలుగో నంబరు బల్ల

రొట్టెల బుట్ట దించేసరికి పన్నెండున్నర.
వితెర్బో పాతబస్తీలో గోడలన్నీ ఒకే బూడిదరంగు రాయి,
వాన పడితే ఇనుము, ఎండ తగిలితే పాత దుప్పటి.
ఎదురింటి బయటి మెట్ల మీద
ఎండ సగం దాకే దిగింది ఇంకా.

ఇవాళ వంటింట్లోంచి అరుపు లేదు.
నాకు ముందు తెలిసింది అదే.

ఎర్సీలియా బయట కూచుంది,
తినేవాళ్ల వైపు.
కుడిచేతికి మోచేతి దాకా కట్టు.
ముప్పై ఎనిమిదేళ్లు పిండి పిసికిన చేతికి
పిండికట్టు.
నేలమాళిగ మెట్ల మీద జారిందట, వైను కూజాతో సహా.
"కూజా బాగానే ఉంది" అంది
ఎవరూ అడక్కుండానే.

కూచున్నది నాలుగో నంబరు బల్ల దగ్గర.
వంటింటి తలుపు తెరిచినప్పుడల్లా వీపుకి తగిలే చోటు,
ఆలస్యంగా వచ్చినవాళ్లకీ ఒంటరిగా వచ్చినవాళ్లకీ
ఇన్నాళ్లూ ఆమే చూపించిన చోటు.
ఆ బల్లకి ఒక కాలు పొట్టి.
వైను ఒలికినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పేవారు.
"బల్లకేం, బల్ల బాగానే ఉంది
మీ మోచేతులు చూసుకోండి"
అని లోపల్నుంచి జవాబు, గరిటె మోతతో కలిసి.

పొయ్యి దగ్గర ఆగ్రోన్.
దుర్రెస్‌లో ఓడెక్కి వచ్చినవాడు,
పదకొండేళ్లుగా ఇక్కడ గిన్నెలు తోముతున్నవాడు.
ఏ పళ్లెంలో ఏం మిగిలి వస్తోందో చూసి చూసి
వంట నేర్చుకున్నాడేమో,
ఎవరడిగారు?

అక్వాకొత్తా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.
కాచిన నీళ్లు, ఆ పేరుకి అంతే అర్థం.
పశువుల వెంట తిరిగేవాళ్లు
గట్టు మీది ఆకూ, ఉల్లీ, ఎండిన రొట్టే,
అదృష్టం ఉన్నరోజు ఒక గుడ్డూ వేసి
నీళ్లనే భోజనం అని నమ్మించుకున్నారు కడుపుని.
అందులో రొట్టె నాది, మొన్నటిది.
మా రొట్టెలో ఉప్పు వెయ్యం.
కాబట్టి ఉప్పు సంగతంతా చారే చూసుకోవాలి.

బల్లల మీద ఉప్పు డబ్బాలు ఉండవిక్కడ.
ఉప్పు అడిగినవాణ్ణి
బిల్లు కట్టినా క్షమించేది కాదు ఎర్సీలియా.

మొదటి చెంచా, ఎడమచేత్తో.
బల్ల ఊగింది. చారు ఒలికింది.
నోటరీ ఆఫీసు గుమస్తా ఫుల్వియో ఫోర్కు ఆపేశాడు.
రోముకి నడిచిపోతున్న ఇద్దరు జర్మన్లు కూడా ఆగారు,
దేనికో తెలియకుండానే.

ఉప్పు తక్కువైంది.
నాకు తెలుసు, నా పళ్లెంలోనూ అదే.
పదకొండేళ్లు ఆమె ఉప్పు తిన్నవాడు
ఆమె కుండలో ఉప్పు వెయ్యబోతే
చెయ్యి రాలేదు.

రెండో చెంచా. నాలుగో చెంచా.
తలుపు సందులో ఆగ్రోన్ చెవి ఒక్కటే కనిపిస్తోంది.

మధ్యలో తలెత్తింది ఆమె.
వీధి తలుపు తెరిచి ఉంది:
కమాను, దాని కింద ఇంకో కమాను,
ఎవరిదో నీలం చొక్కా తీగ మీద,
మెట్ల మీద ఇప్పుడు చివరిదాకా దిగిన ఎండ.
"ఇక్కణ్ణుంచి ఇంత కనిపిస్తుందా" అంది.
"ఒక్కడూ చెప్పలేదే.
కాలు గురించి మాత్రం చెప్పారు."

రొట్టె ముక్కతో పళ్లెం తుడిచింది, అంచుల్తో సహా.
మావాళ్లు దాన్ని చిన్న చెప్పు అంటారు,
అడుగున మిగిలినదాని మీద చివరి నడక.
తర్వాత తన చేతిరాతతోనే ఉన్న మెనూ కాగితం తీసుకుని
ఒంటిచేత్తో, పంటితో, నాలుగు మడతలు పెట్టి
వంగింది.
ఫుల్వియో సాయానికి లేవబోతే
కట్టున్న చెయ్యి అడ్డం పెట్టి
పొట్టికాలి కింద తనే దోపింది.

"ఆగ్రోన్" అని పిలిచింది.
అరవలేదు, పిలిచింది.
"ఉప్పు పట్రా."

డబ్బా లేదు కదా, కాఫీ సాసర్లో తెచ్చాడు,
సాసరు కప్పులేకుండానే గలగలమంటోంది, చెంచాతో.
ఎర్సీలియా పళ్లెం అప్పటికే ఖాళీ.
పక్కబల్ల మీదికి వాలి
ఎడమచేత్తో ఇంత ఉప్పు తీసి
నా దాంట్లో వేసింది.
"ఇప్పుడు తిను."

ఎక్కువైంది.
నేనేమీ అనలేదు.